అన్నం మానేయాలా? ముందు ఎన్ని విడతలు వడ్డిస్తున్నారో లెక్కపెట్టండి

ప్రశ్న: మాది తణుకు. మా వారికి 46 ఏళ్లు, బట్టల కొట్టు ఉంది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చునే పని. కొంచెం పొట్ట వచ్చింది. పోయిన నెల పరీక్షలు చేయిస్తే పరగడుపున షుగర్ 114, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. మందులు ఇంకా అక్కర్లేదు, తిండిలో కార్బోహైడ్రేట్లు, అంటే పిండి పదార్థాలు, తగ్గించి మూడు నెలల తర్వాత రమ్మన్నారు డాక్టరు గారు. వీడియోలు చూసి కొర్రలు, అరికెలు, సామలు తెచ్చి ఆయనకి అన్నం పూర్తిగా మానిపించాను. పదిహేను రోజులు గొణుక్కుంటూ తిన్నారు. పదహారో రోజు కొట్టు పక్క బండి మీద నాలుగు పూరీలు తింటూ మా తమ్ముడి కంటపడ్డారు. మా అత్తగారికి 72 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటున్నారు. "అన్నం తినని మనిషికి ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది" అని ఆవిడ నన్నే కోప్పడుతున్నారు. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు ఓట్స్, కినోవా పెట్టమంటోంది. ఇంటర్ చదివే మా అబ్బాయి హాస్టలే నయం అంటున్నాడు. మా నలుగురికీ రోజుకి కేజీ బియ్యం పడుతుంది. అసలు ఏ ధాన్యం తినాలి? మామిడిపళ్లు వచ్చేస్తున్నాయి, వాటినీ మాన్పించాలా? సీజన్‌లో దొరికేవి తినమంటారు, కానీ మార్కెట్లో అన్నీ ఏడాదంతా దొరుకుతున్నాయి. ఏది సీజనో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందు ఆ పూరీల సంగతి. మీ వారి మీద కోపం తెచ్చుకోకండి. ఊహ తెలిసినప్పటి నుంచి రెండు పూటలా వరి అన్నం తిన్న మనిషి కంచంలోంచి దాన్ని ఒక్క రోజులో తీసేసి, చప్పటి కొర్రలు పెడితే పదిహేను రోజులు ఓర్చుకోవడమే ఎక్కువ. తప్పు ఆయన నోటిది కాదు, మనం వేసిన పథకానిది. వీడియోలు చెప్పినంత కఠినంగా చేయాల్సిన పని కూడా ఇక్కడ లేదు.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ వ్యాధికి సరిహద్దు అంటారు. 6.5 గానీ ఆపైన గానీ ఉంటే వ్యాధి కిందే లెక్క. మీ వారు సరిగ్గా ఆ గట్టు మధ్యలో నిలబడ్డారు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, ఇలా గట్టు మీద ఉన్నవాళ్లు 13.6 కోట్లు. అంటే ఆయనకి తోడు చాలామందే ఉన్నారు. ఇక్కణ్నుంచి వెనక్కి రావచ్చన్నది మాత్రం ఒట్టి ఓదార్పు మాట కాదు. అమెరికాలో ఇలాంటి సరిహద్దు మనుషుల మీద చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుని తిండి మార్చుకున్నవాళ్లలో, వ్యాధిలోకి జారే ముప్పు 58 శాతం తగ్గింది. 80 కేజీల మనిషికి 7 శాతం అంటే ఐదున్నర కేజీలు. అసాధ్యమేమీ కాదు కదా.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట "రోజుకి కేజీ బియ్యం". నలుగురికి కేజీ అంటే తలకి పావు కేజీ. మీరు, అత్తగారు తక్కువ తింటారనుకుంటే, మీ వారి వాటా 300 గ్రాములు దాటుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 2000 కిలో క్యాలరీలు కావాల్సిన మనిషికి ఒక కంచం లెక్క ఇచ్చింది: ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, వేరుశనగ, నువ్వులు, బాదం లాంటి గింజలు 35 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. ఆ 250 గ్రాములు ఒక్క అన్నానికే కాదు. పొద్దున ఇడ్లీలో పడిన రవ్వ, సాయంత్రం టీతో తినే బిస్కట్లలోని మైదా, రాత్రి చపాతీ పిండి అన్నీ అందులోవే. మీ వారి అన్నం ఒక్కటే ఆ గీత దాటేస్తోంది.

ఇప్పుడు కూరగాయలు తూచండి. ఒక్కరికి 400 గ్రాములంటే నలుగురికి కేజీన్నర పైమాటే. మన ఇళ్లలో అర కేజీ వంకాయలు కోసి, నూనెలో మగ్గించి, అవి గుప్పెడై కూర్చున్నాక నలుగురికీ సర్దుతాం. కేజీ బియ్యానికి అర కేజీ కూర. ఈ లెక్క తిరగబడాలి. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇంతే. కొర్రలా, కినోవానా అన్న ప్రశ్న దీని తర్వాత వస్తుంది.

తిరగబడేది ఎలా? మన వడ్డన ఒకసారి కళ్లముందు పెట్టుకోండి. కంచంలో అన్నం పెట్టి, మధ్యలో గుంట చేసి పప్పు, నెయ్యి. అది అవుతుండగానే కూరలోకి ఇంకో హస్తం అన్నం. తర్వాత చారులోకి. ఆఖర్న పెరుగులోకి. మొదట్లో ఆవకాయో కందిపొడో ఉంటే దానికో రెండు ముద్దలు. అంటే ఒక్క భోజనంలోనే అన్నం నాలుగు విడతలు పడుతోంది, కొందరిళ్లలో ఐదు. పప్పులోకి కలిపిన అన్నానికి పప్పు తోడుంది. కూరలోకి కలిపినదానికి కూరలో పీచు తోడుంది. చారులోకి పడిన అన్నానికి తోడేముంది? చింతపండు నీళ్లు, మిరియాలు, ఇంగువ పోపు. ఆ విడత దాదాపు వట్టి పిండి పదార్థమే, పైగా పులపులగా ఉంటే నమలకుండానే జారిపోతుంది. పెరుగు చాలా మంచిది, కానీ దాన్ని అన్నంతోనే తినాలన్న షరతు ఎక్కడా లేదు.

అందుకని పప్పు విడత, కూర విడత ఉంచేయండి. చారు గ్లాసులో పోసి ఇవ్వండి. పెరుగు గిన్నెలో ఇవ్వండి, కీరా ముక్కలో దానిమ్మ గింజలో కలిపి. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదనే మనిషైతే ఆఖర్న ఒక్క ముద్ద కలపండి, గొడవ పడకండి. అన్నీ ఒకే రోజు మార్చొద్దు. మొదటి పది రోజులు చారు, ఆ తర్వాత పెరుగు. మా నాన్నగారికి మొదటిసారి చారు గ్లాసులో పోసిస్తే "నాకేమైనా జలుబు చేసిందా?" అని అడిగారు. నెల తిరిగేసరికి ఆయనే వంటింట్లోకి వచ్చి గ్లాసు పట్టుకునేవారు.

ఇంకో మార్పుంది, దీనికి ఖర్చేమీ లేదు. అన్నం పెట్టకముందే కప్పు నిండా కూర ఒట్టిగా తినడం. ముందు కూరలు, పప్పు తిని చివర్లో పిండి పదార్థం తింటే, భోజనం తర్వాత షుగర్ అంత వేగంగా ఎగబాకదని పరిశోధనల్లో తేలింది. ఒట్టిగా తినాలంటే కూరలో ఉప్పు, కారం తగ్గాలి, ఆ పని మీ చేతిలోదే. నూనె కూడా చూసుకోండి. ఒక్కరికి రోజుకి 27 గ్రాములంటే నలుగురికి నెలకి మూడు కేజీల పైచిలుకు. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో మీకే తెలుస్తుంది.

కొలత కావాలంటే, ఉడికిన అన్నం ఒక చిన్న కప్పు దాదాపు 50 గ్రాముల బియ్యంతో సమానం. మీ వారికి మధ్యాహ్నం రెండు కప్పులు, రాత్రి ఒకటి, పొద్దున మితంగా టిఫిను పెడితే ధాన్యం మొత్తం 200 గ్రాముల దగ్గర ఆగుతుంది. కూర్చునే పని ఉండి పొట్ట తగ్గాల్సిన మనిషికి అది సరైన చోటు. ఎత్తు, బరువు చూసి మీ డాక్టరు కొంచెం అటూ ఇటూ చెప్పొచ్చు, వారి మాటే వినండి.

ఇక ఏ ధాన్యం? చాలామంది పొరబడేది ఇక్కడే. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములు. జొన్నల్లో 68, రాగుల్లో 67, సజ్జల్లో 62. తేడా ఉంది, కానీ జనం అనుకునేంత లేదు. అసలు తేడా పీచులో ఉంది. బియ్యంలో 3 గ్రాముల లోపు, ఈ మూడింటిలో 10, 11 గ్రాములు. ఆ పీచే పిండి పదార్థాన్ని రక్తంలోకి మెల్లగా వదులుతుంది. రాగుల్లో కాల్షియం అదనపు లాభం, 100 గ్రాములకి 360 మిల్లీగ్రాముల దాకా. అయితే రాగుల్ని మెత్తటి పిండి చేసి, పల్చగా జావ కాచి, బెల్లం వేసి గటగటా తాగితే ఆ పీచు చేసే మేలు చాలావరకు పోతుంది. జావ తాగి షుగర్ పెరిగిందని ఆశ్చర్యపోయేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. సంకటి సంగతీ చూడండి, రాయలసీమలో దాన్ని చాలా ఇళ్లలో నూకలో బియ్యమో ఉడికించి, అందులో రాగిపిండి వేసి గెలుకుతారు. అది మంచి తిండే, కానీ అన్నం మానేసి సంకటి తింటున్నామనుకోవడం సగమే నిజం.

కొర్రలు, అరికెలు, సామలు తెచ్చారు కాబట్టి పారేయకండి. వాటిని అన్నంలా వండి, అన్నంతో పోల్చుకుంటూ తింటే ఎవరికైనా విరక్తి పుడుతుంది. రెండు మూడు గంటలు నానబెట్టి కొర్ర పులిహోర చేయండి, సాంబారు కొర్రలు చేయండి, కూరగాయలు దట్టించి ఉప్మా చేయండి. వారానికి రెండు పూటలు చాలు. తెలంగాణలో జొన్న రొట్టె, జొన్న రవ్వతో వండే గట్క, సీమలో సంకటి తిన్న ఇళ్లు తమ అలవాటు వదలకూడదు. మీ గోదావరి వాళ్లకి రొట్టంటే దిబ్బరొట్టే గుర్తొస్తుంది, ఆయన చేత రోజూ జొన్న రొట్టె తినిపించాలని నేను బలవంతపెట్టను. మీకు పెసరట్టు ఉంది. పొట్టుతో ఉన్న పెసల్లో 100 గ్రాములకి 22 గ్రాముల పైన ప్రోటీన్ ఉంటుంది, కినోవాలో 13 చిల్లర. అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, ఉల్లిపాయలు చల్లి పల్చగా రెండు పోస్తే డల్లాస్ సలహాకి అదే సమాధానం. పెసరట్టులో ఉప్మా మాత్రం పెట్టకండి, అది మంచి టిఫిను కడుపులో తెల్ల రవ్వ దాచడం.

కినోవా దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల పంట. అక్కడివాళ్లకి అది మన జొన్న లాంటిది. మంచిదే, తణుకులో అంత డబ్బు పెట్టి కొనాల్సిన అవసరం లేదు. ఓట్స్ కూడా మంచివే, మసాలా పొట్లంతో రెండు నిమిషాల్లో తయారయ్యే రకం కాకుండా మామూలువి అయితే.

ఆయన ఎలాగూ రోజూ కొంత అన్నం తింటారు కనుక బియ్యం గురించీ రెండు మాటలు. మీరు ఇప్పుడు వాడేది బహుశా సాంబా మసూరి, అదే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204. తింటే తీయగా, సన్నగా ఉంటుంది. పాలిష్ ఎక్కువ పట్టించకుండా, సగం పాలిష్‌తో ఆపమని మిల్లులో అడిగి చూడండి. 2015లో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉందని చెబుతారు. తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె అది. 55 లోపు ఉంటే తక్కువ, 70 దాటితే ఎక్కువ. దొరికితే వాడండి, రుచి కూడా మీకు నచ్చుతుంది. కానీ సంచీ మీద "షుగర్ ఉన్నవాళ్లు తినే బియ్యం" అని చూసి కడుపునిండా లాగిస్తే ఆ అంకె మనల్ని కాపాడదు. కొలిచి పెట్టిన తిండి మీద కట్టిన అంకె అది, రెట్టింపు తింటే పెరుగుదలా ఆ మేరకే ఉంటుంది. గంజి వార్చితే షుగరంతా పోతుందనే మాటా అంతే. కొంత పిండి పోతుంది, దాంతోపాటు బి విటమిన్లూ పోతాయి, అన్నం మాత్రం అన్నంగానే ఉంటుంది.

దంపుడు బియ్యం మీ అత్తగారి చిన్నతనంలో తిన్నవే, అడిగి చూడండి. పైన చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే తెల్లబియ్యం తెచ్చిన జబ్బు వల్ల. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిని పరిశోధించడానికి మొదలైన విభాగం అది, 1958లో హైదరాబాద్ వచ్చింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది మన సర్కారు జిల్లాల్లోనే, అంటే కోస్తాలోనే. మరపట్టి తెల్లగా చేసిన పచ్చి బియ్యం తినడం వల్ల తవుడుతోపాటు బి1 విటమిన్ పోయేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఆ బాధ తక్కువ, ఎందుకంటే వడ్లను ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. తెల్లగా మెరిసే అన్నం మీద మన వ్యామోహం ఈనాటిది కాదు.

టిఫిన్ల దగ్గర ఒక చిన్న మాయ ఉంది. శనివారం ఒంటిపూట ఉంటాం, రాత్రికి అన్నం తినం, టిఫినే అంటారు. ఆ టిఫిను నాలుగు ఇడ్లీలో, పళ్లెం నిండా బొంబాయి రవ్వ ఉప్మానో. పుణ్యం సంగతి దేవుడికే తెలియాలి, పిండి పదార్థం మాత్రం ఎక్కడికీ పోలేదు. సగ్గుబియ్యం కిచిడీ అయితే ఇంకా దారుణం, అది కర్రపెండలం దుంపలోంచి తీసిన ఒట్టి పిండి. ఇడ్లీ మానక్కర్లేదు. గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల రవ్వ పోసేవాళ్లు గ్లాసున్నరతో ఆపండి, మూడు ఇడ్లీలు పెట్టి సాంబారులో కూరగాయ ముక్కలు పెంచండి. ఎండాకాలం పొద్దున మజ్జిగ పోసి పెట్టిన చద్దన్నం ఒక కప్పు, ఉల్లిపాయ ముక్క నంజుకుని తిన్నా బాగుంటుంది. చల్లారిన అన్నంలో పిండి కొంత గట్టిపడి అంత తేలిగ్గా అరగదు, కాబట్టి వేడన్నం కంటే షుగర్ కొంచెం నెమ్మదిగా పెరుగుతుంది. మీ అత్తగారు ఈ ఒక్క మాటకైనా నన్ను మెచ్చుకుంటారు.

అత్తగారి గురించి ఒక హెచ్చరిక. ఆవిడ పదేళ్లుగా మాత్రలు వేసుకుంటున్నారు. కొడుకుతోపాటు ఆవిడకీ ఒకేసారి అన్నం తగ్గించకండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు తిండి తగ్గినా తమ పని తాము చేసుకుపోతాయి. అప్పుడు షుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. ఈ వయసులో తెల్లవారుజామున బాత్రూంలో పడిపోయారంటే కారణం అదే కావచ్చు. ఆవిడ కంచం మార్చాలంటే ముందు డాక్టరుకి చెప్పి మాత్రల మోతాదు చూపించుకోండి. మీ అబ్బాయిని ఈ గొడవలోంచి పూర్తిగా వదిలేయండి. ఎదిగే పిల్లాడు, వాడికి అన్నం తగ్గించే పని లేదు. గుడ్డు, పప్పుచెక్క, పాలు పెంచండి చాలు.

ఇప్పుడు మామిడి. మాన్పించొద్దు. వేసవిలో ఆంధ్రుడికి మామిడిపండు మాన్పించిన వైద్యం ఎక్కువ కాలం నిలబడదు. 100 గ్రాముల పండులో పిండి పదార్థం సుమారు 15 గ్రాములు. అర కేజీ బంగినపల్లి ఒకటి కోస్తే తొక్కా టెంకా పోను 300 గ్రాములు పైనే తేలుతుంది, అంటే 45 గ్రాములు. ఒక పెద్ద కప్పు అన్నంతో సమానం. అందుకని పండుకి చోటు అన్నంలోంచే తీయాలి. మీ జిల్లాలో పెరుగన్నంలో మామిడి నంజుకుంటారు కదా, అన్నం, పండు రెండూ ఒకే విడతలో పడతాయన్నమాట. ఈ వేసవిలో పెరుగు గిన్నె, సగం పండు, అన్నం లేకుండా పెట్టండి. సాయంత్రం నాలుగింటికి బిస్కట్ల బదులు సగం పండు తిన్నా సరే. రాత్రి భోజనం మీద రెండు కొత్తపల్లి కొబ్బరి పళ్లు పిండుకు తాగడం, జ్యూస్ చేసి పంచదార వేయడం ఈ ఏడాదికి మాత్రం వద్దు. పచ్చి మామిడికాయ పప్పుకి ఏ లెక్కా లేదు. ముంజలు, పుచ్చకాయ హాయిగా తినొచ్చు. వేసవి చివర్లో నేరేడుపళ్లు వస్తాయి, అవీ మంచివే. గింజల పొడితో షుగర్ పోతుందని చెప్పి మందులు మాన్పించేవాళ్లని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి.

సీజన్ ఎలా తెలుస్తుందంటే, మీ రైతుబజారులో బండి మీద గుట్టగా పోసి, ధర తగ్గించి, అమ్మేవాడే పిలిచి ఇస్తున్నదేదో అదే సీజన్. మే నెలలో కాలీఫ్లవర్ దొరుకుతుంది, కానీ పువ్వు చిన్నది, ధర పెద్దది. అది చలికాలం కూర. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, పచ్చి బఠాణీ కూడా అంతే. మనవాళ్లు పండుగల్లో ఈ క్యాలెండరు దాచిపెట్టారు. ఆషాఢంలో మునగాకు తినమన్నారు. కార్తికంలో ఉసిరికాయ, భోగికి రేగుపళ్లు, సంక్రాంతికి గుమ్మడికాయ. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులో పరమాన్నం పెడతారంటే, ఆ రోజుల్లో పాదు నిండా చిక్కుడుకాయలే ఉంటాయి కాబట్టి.

ప్రస్తుతం మీ ఊళ్లో ఉన్న సీజన్ చూడండి. ఈ రోజుల్లో మార్కెట్ మూలల్లో పచ్చి పనసకాయ ముందు పెట్టుకుని, చేతికి నూనె రాసుకుని, కత్తితో టకటకా పొట్టు కొడుతుంటారు. పావు కేజీ కాదు, కేజీ పొట్టు తీసుకోండి. పసుపు, చింతపండు వేసి ఉడికించి, నీళ్లు పిండి, పోపు పెట్టి, దింపాక ఆవపిండి కలపండి. జీడిపప్పు తక్కువగా వేసుకోండి. అన్నంతో పోలిస్తే పచ్చి పనసలో పిండి పదార్థం చాలా తక్కువ, పీచు దండిగా ఉంటుంది. నమిలే పని ఎక్కువ కాబట్టి తక్కువతోనే కడుపు నిండుతుంది. మీ వారు ఆ కూర ముందు అన్నం గురించి అడుగుతారనుకోను. దీని వెనకే చింతచిగురు వస్తుంది, పప్పులో వేయండి, రొయ్యలు తినే ఇల్లైతే వాటిలో వేయండి. ఎండలు ముదిరాక దోసకాయ, పొట్లకాయ, బీరకాయ, సొరకాయ. సొరకాయని శ్రీకాకుళంలో ఆనపకాయ అంటారు, చిత్తూరులో అనపకాయలంటే చిక్కుడు జాతి గింజలు ఇస్తారు, ఊరు మారితే అడిగి కొనుక్కోవాలి. వానలకి వాక్కాయలు, ఆగాకరకాయలు, రకరకాల ఆకుకూరలు వస్తాయి. వానాకాలం ఆకుకూరల్లో ఇసుక, పురుగు ఎక్కువ, నాలుగు నీళ్లలో కడగాలి.

చలికాలానికి తేగలు, చిలగడదుంపలు. చిలగడదుంపని సీమలో గెనుసుగడ్డ అంటారు, తెలంగాణలో మోరంగడ్డ. ఇవీ కంద, చేమ, బంగాళాదుంపలూ కూర పేరుతో వచ్చే పిండి పదార్థాలే. కంద బచ్చలి మీ జిల్లా గొప్ప, మానమని నేను అనను. దుంప వండిన రోజు అన్నం ఒక విడత తగ్గించండి, అంతే. పండ్లలో ఆపిల్ కోసం తంటాలు పడకండి. జామకాయలో 100 గ్రాములకి 200 మిల్లీగ్రాముల పైన సి విటమిన్ ఉంటుంది, ఆపిల్‌లో ఐదు కూడా ఉండదు. వానాకాలం నుంచి చలికాలం దాకా జామ చవక.

చివరిగా, మీ వారికి ఉపన్యాసం వద్దు, లెక్క చూపించండి. ఒక గ్లూకోమీటరు కొనండి. ఒక రోజు ఎప్పటిలాగే నాలుగు విడతల అన్నం పెట్టి, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి షుగర్ చూడండి. ఇంకో రోజు ముందు పనసపొట్టు కూర కప్పు, తర్వాత రెండు విడతల అన్నం, గ్లాసులో చారు, గిన్నెలో పెరుగు పెట్టి, పది నిమిషాలు కొట్టు ముందే అటూ ఇటూ నడవమని, అదే రెండు గంటలకి మళ్లీ చూడండి. 140 లోపు ఉంటే బాగున్నట్టు. రెండు అంకెల్నీ కొట్టు లెక్కల పుస్తకం చివరి పేజీలో ఆయన చేతే రాయించండి, డాక్టరు దగ్గరికి ఆ పేజీ తీసుకెళ్లండి. పూరీలు నెలకో ఆదివారం ఇంట్లోనే గోధుమపిండితో రెండు చేసిపెట్టండి, బఠాణీ కూరతో. మూడోది అడిగితే ఆ పుస్తకం ఆయన ముందు పెట్టండి.